ఈ మాట ఎక్కడిది?

పిల్లలూ! మీ మాస్టారు మీకు ఒక వ్యాసం ఇచ్చారనుకోండి. "బొబ్బిలి యుద్ధం గురించి రెండు పుటలు వ్రాసుకు రండి" అన్నారు. మీరు హుషారుగా కూచుని వ్రాశారు. మర్నాడు మాస్టారు మీ కాగితం చదివి, ఒక వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన ఇలా వ్రాశారు: "ఎవరన్నారు? ఎక్కడ?"

ఆ గీత చూసి చిన్నబుచ్చుకోకండి. మాస్టారు మీ మాట అబద్ధమని అనటం లేదు. అది మీకు ఎక్కడ దొరికిందో చెప్పమంటున్నారు, అంతే. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలలో చరిత్ర, సాహిత్యం చదివి పరిశోధన చేసేవాళ్ళను కూడా వాళ్ళ ఆచార్యులు రోజూ అడిగే ప్రశ్న ఇదే. దానికి సరిగా జవాబు వ్రాయటానికి ఒక పద్ధతి ఉన్నది. ఈ నెల ఆ పద్ధతి ఏమిటో తెలుసుకుందాం.

ముందు ఆ బొబ్బిలి కథనే తీసుకుందాం. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద యుద్ధం జరిగింది. ఒక పక్క బొబ్బిలి రాజు రంగారావు, రెండో పక్క విజయనగరం రాజు పెద విజయరామరాజు, ఆయనకు తోడుగా ఫ్రెంచి సేనాని బుస్సీ. కోట పడిపోయింది. ఆ తరువాత కొద్ది రోజులకే విజయరామరాజు తన గుడారంలో రాత్రివేళ హతుడయ్యాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. కాని ఈ సంగతి మనదాకా ఎలా వచ్చింది?

నాలుగు దారులున్నాయి. మొదటిది రాబర్టు ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు వ్రాసిన గ్రంథం. హిందూదేశంలో బ్రిటిషువారు చేసిన యుద్ధాల చరిత్ర అది. బొబ్బిలి యుద్ధం నాటికి ఆర్మ్ మద్రాసులో కుంఫిణీ కొలువులో ఉన్నాడు. అంటే యుద్ధాన్ని కళ్ళారా చూడలేదు. ఆ సంగతులున్న రెండవ సంపుటం 1778లో లండన్‌లో అచ్చయింది, అంటే యుద్ధం జరిగిన 21 సంవత్సరాల తరువాత. రెండవది బొబ్బిలి సంస్థానాధీశులు వేంకట శ్వేతాచలపతి రంగారావుగారు తమ సంస్థానం గురించి ఇంగ్లీషులో వ్రాసి, మళ్ళీ సరిచూసి, పెంచి 1907లో వేయించిన పుస్తకం. అది ఆ ఇంటివారి మాట. మూడవది జనం పాడుకునే బొబ్బిలి కథ. దాన్ని కట్టినవాళ్ళు, పాడినవాళ్ళు వినేవాళ్ళ గుండె ఝల్లుమనాలని పాడారు. నాలుగవది 1964లో వచ్చిన "బొబ్బిలి యుద్ధం" సినిమా.

చూశారా? ఈ నాలుగూ ఒకే యుద్ధం గురించి చెప్పాయి. కాని నలుగురి నోటా వచ్చినది ఒకే మాట కాదు. ఒకరికి ముఖ్యమనిపించినది ఇంకొకరు వదిలేశారు. సినిమాలో విన్న సంభాషణ ఆనాటి కోటలో నిజంగా ఎవరో అన్న మాట అనుకుని మీ వ్యాసంలో వ్రాశారనుకోండి, చదివినవాళ్ళు అది చరిత్ర అనుకుంటారు. వాళ్ళు ఇంకొకరికి చెబుతారు. నాలుగు చేతులు మారేసరికి 1964 నాటి మాట 1757 నాటి మాటగా చలామణి అవుతుంది! పైగా బొబ్బిలిలోనూ విజయనగరంలోనూ ఇవాళ బళ్ళో పక్కపక్కన కూచుని చదువుకునే పిల్లలున్నారు. వాళ్ళ తాతముత్తాతల సంగతి వ్రాసేటప్పుడు ఏ మాట ఎవరిదో చెప్పి వ్రాయటం ఉభయులకూ న్యాయం.

ఇప్పుడు ఎలా వ్రాయాలో చూద్దాం.

ఒక ఉత్తరం పోస్టులో వెయ్యాలంటే విలాసం వ్రాస్తాం కదా. పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా, పిన్‌కోడు. వీటిలో ఏది తప్పినా ఉత్తరం చేరదు, లేదా ఆలస్యంగా చేరుతుంది. పుస్తకంలోని మాటకూ అలాంటి విలాసమే కావాలి. దానిలో ఉండవలసినవి ఇవి: వ్రాసినవారి పేరు, పుస్తకం పేరు, అది ఎన్నవ కూర్పు, ఏ ఊళ్ళో ఎవరు ప్రచురించారు, ఏ సంవత్సరంలో, ఎన్నో పుట. పత్రికలోని వ్యాసమైతే వ్రాసినవారి పేరు, వ్యాసం పేరు, తరువాత పత్రిక పేరు, నెల, సంవత్సరం, పుట. వ్యాసం పేరును ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టి, పత్రిక పేరు కింద గీత గీస్తే రెంటికీ తేడా తెలుస్తుంది.

ఈ విలాసాన్ని మాట ఉన్న పుట అడుగున చిన్న అక్షరాలతో వ్రాస్తే దానిని అధోజ్ఞాపిక అంటారు. మాట చివర పైన చిన్న అంకె వేసి, అదే అంకె అడుగున వేసి వ్రాయాలి. వెంటనే మళ్ళీ అదే పుస్తకం నుంచి ఇంకో మాట తీసుకుంటే మొత్తం తిరగ వ్రాయనక్కరలేదు. "అదే" అని వ్రాసి పుట సంఖ్య వేస్తే చాలు. ఇక వ్యాసం చివర, చూసిన పుస్తకాలన్నిటినీ అకారాది క్రమంలో వ్రాస్తే అది ఉపయుక్త గ్రంథాల పట్టిక.

కామా ముందా, సంవత్సరం ముందా అనే విషయంలో ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి, ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క అలవాటు ఉంటుంది. మీ మాస్టారు ఏది చెబితే అది పాటించండి. కాని ఒకసారి పట్టుకున్న పద్ధతిని వ్యాసం చివరిదాకా వదలకూడదు. ఒకచోట సంవత్సరం ముందు, ఇంకోచోట చివర వ్రాస్తే చదివేవాడు తికమకపడతాడు.

"ఎన్నవ కూర్పు అనే గొడవ ఎందుకు? పుస్తకం పేరు చెబితే చాలదా?" అని మీరు అడగవచ్చు. విజయనగరం వెళ్ళి దీనికి జవాబు తెచ్చుకుందాం.

గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కం" నాటకం మొదట 1892లో ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. తరువాత అప్పారావుగారు దానిని మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఎంతో మార్చి, పెంచి 1909లో రెండవ కూర్పు వేశారు. ఇప్పుడు మనం చదువుకునేది, రంగస్థలం మీద చూసేది ఎక్కువగా ఈ రెండవదే. దీనిలో ఏడు అంకాలున్నాయి. మధురవాణి పాత్ర మొదటి దానికంటె ఇందులో ఎంతో పెరిగింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే పేరుగల రెండు నాటకాలా అనిపిస్తుంది!

ఇప్పుడు ఒకరు "కన్యాశుల్కంలో మధురవాణి ఇలా అన్నది" అని వ్రాశారనుకోండి. ఇంకొకరు తన దగ్గర ఉన్న 1897 నాటి ప్రతి తిరగేసి, "ఆ మాట ఇందులో లేదే! నువ్వు కల్పించావు" అన్నారనుకోండి. ఇద్దరూ నిజమే చెప్పారు, కాని ఇద్దరికీ తగాదా. కూర్పు పేరు ఒక్కటి వ్రాసి ఉంటే ఆ తగాదా పుట్టేదే కాదు. అంచేత ఇలా వ్రాయాలి:

గురజాడ అప్పారావు, కన్యాశుల్కం, రెండవ కూర్పు, 1909, నాలుగవ అంకం.

దీని తరువాత మీ చేతిలో ఉన్న ప్రతి ఎవరు, ఎప్పుడు వేసినదో వ్రాసి, దాని పుట సంఖ్య కూడా వెయ్యండి. కన్యాశుల్కం ఎన్నోసార్లు అచ్చయింది. ఒక ముద్రణలో 80వ పుటలో ఉన్నది ఇంకో ముద్రణలో 95వ పుటకు జరిగిపోవచ్చు. కాని అంకం మాత్రం జరగదు. అందుకే నాటకానికి అంకం, పద్యకావ్యానికి ఆశ్వాసం, పద్యం సంఖ్య, భారతానికి పర్వం పేరు కూడా వ్రాయటం మంచిది. ఏ ఊళ్ళో, ఏ ముద్రణ దొరికినా పద్యాన్ని పట్టుకోవచ్చు.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లీషు పుస్తకాలలో ఇంటిపేరు చివర వస్తుంది. అంచేత పట్టికలో పెట్టేటప్పుడు వాళ్ళు దానిని ముందుకు తెచ్చి, తరువాత కామా పెట్టి, అసలు పేరు వ్రాస్తారు. రాబర్టు ఆర్మ్ అనే పేరు పట్టికలో "ఆర్మ్, రాబర్టు" అవుతుంది. మనకు ఆ శ్రమ లేదు. మన ఇంటిపేరు ముందే ఉన్నది. గురజాడ అప్పారావుగారిని "గు" దగ్గర వెతకండి, దొరుకుతారు. ఈ సంగతి తెలియక పేరును తలకిందులు చేస్తే ఒకే మనిషి రెండుచోట్ల కనపడతాడు. గిడుగు వెంకట రామమూర్తిగారు ఇంగ్లీషు పుస్తకాలలో "జి. వి. రామమూర్తి" అయ్యారు. తెలియనివాడు వీరిద్దరూ వేరనుకుంటాడు!

సంవత్సరం ఎందుకు వ్రాయాలో తెలుసా? దానికి కూడా బొబ్బిలే సాక్ష్యం. 1907 నాటి పుస్తకం బొబ్బిలి విశాఖపట్నం జిల్లాలో ఉన్నదంటుంది. 1960 నాటి పుస్తకం శ్రీకాకుళం జిల్లాలో అంటుంది. ఇవాళ్టి పుస్తకం విజయనగరం జిల్లాలో అంటుంది. ఊరు నడిచిపోయిందా? లేదు. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది. మూడు పుస్తకాలూ వాటి కాలానికి నిజమే చెప్పాయి. సంవత్సరం వ్రాయకపోతే మూడింటిలో రెండు అబద్ధాలనిపిస్తాయి.

పుస్తకానికి పుట ఉంటుంది. మరి రాతికి? శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉన్నది కదా. ఆ గుడి గోడల మీద ఎన్నో శాసనాలున్నాయి. రాతి మీది మాటను చెప్పేటప్పుడు ఏ ఊరు, ఏ గుడి, గుడిలో ఏ చోటు, శాసనంలో ఉన్న శక సంవత్సరం ఎంత అన్నవి వ్రాయాలి. పురాతత్వశాఖవారు ఈ శాసనాలను చదివి "దక్షిణ భారత శాసనాలు" అనే సంపుటాలలో నంబర్లు వేసి అచ్చువేశారు. ముఖలింగం శాసనాలు అయిదవ సంపుటంలో ఉన్నాయి. సంపుటం సంఖ్య, శాసనం సంఖ్య వ్రాస్తే చాలు, మద్రాసులో ఉన్నవాడైనా లండన్‌లో ఉన్నవాడైనా క్షణంలో ఆ శాసనం తెరిచి చూసుకోగలడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక 1000 అంటే క్రీ.శ. 1078. మరి కళింగాన్ని ఏలిన అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేకం శక 999లో జరిగిందని శాసనం చెబుతుంది. 78 కలిపితే 1077 రావాలి. కాని చరిత్ర పుస్తకాలలో 1078 అని ఉంటుంది. ఏది తప్పు? ఏదీ తప్పు కాదు. శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. పట్టాభిషేకం జరిగినది కుంభమాసంలో, అంటే ఫిబ్రవరిలో. అప్పటికి ఇంగ్లీషువారి కొత్త సంవత్సరం వచ్చేసింది, మన ఉగాది ఇంకా రాలేదు. అంచేత 79 కలపాలి. ఇలాంటి చిక్కులుంటాయి కాబట్టే శాసనంలో ఉన్నది ఉన్నట్టు ముందు వ్రాసి, మీరు కట్టిన లెక్క పక్కన వ్రాయాలి. మీ లెక్క తప్పినా, చదివేవాడు అసలు అంకె చూసి దిద్దుకుంటాడు.

పుస్తకంలోనూ రాతి మీదా లేని సంగతులు కూడా ఉంటాయి. మీ ఊళ్ళో జముకుల కథ చెప్పేవారున్నారా? మీ అమ్మమ్మ మీ ఊరి చెరువుకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పిందా? అదీ ఆధారమే. సిగ్గుపడకుండా వ్రాయండి. చెప్పినవారి పేరు, వారి వయసు, ఊరు, మీరు విన్న తేదీ వ్రాయాలి. అయితే ముందుగా వారిని అడగాలి: "అమ్మమ్మా, నీ పేరు వ్రాయనా?" అని. ఒప్పుకుంటేనే వ్రాయాలి. కంప్యూటరులోనో ఫోనులోనో చదివినదైతే ఆ పుట పేరు, అక్కడ వ్రాసినవారి పేరు, మీరు చూసిన తేదీ వ్రాయండి. ఇవాళ ఉన్న మాట అక్కడ రేపు ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇంకో రెండు నియమాలున్నాయి. అవి విలాసం కన్న ముఖ్యం.

ఒకటి: ఇంకొకరి వాక్యాన్ని అక్షరం మార్చకుండా తీసుకుంటే దాని చుట్టూ ఉద్ధరణ చిహ్నాలు పెట్టాలి. వారి భావాన్ని మీ మాటలలో చెబితే చిహ్నాలు అక్కరలేదు, కాని విలాసం మాత్రం తప్పదు. పక్కవాడి పలక మీది లెక్క చూసి వేసుకుని "నాదే" అనటం ఎలాంటిదో, ఇంకొకరు కష్టపడి తెలుసుకున్న సంగతిని పేరు చెప్పకుండా వ్రాసుకోవటం అలాంటిది.

రెండు: చూడని పుస్తకాన్ని చూసినట్టు వ్రాయకూడదు. ఆర్మ్ ఏమన్నాడో మీరు వేరే పుస్తకంలో చదివారనుకోండి. అప్పుడు ఆర్మ్ పేరు వ్రాసి, "ఫలానా పుస్తకంలో ఉదాహరించినది, పుట ఇంత" అని ఆ రెండో పుస్తకం విలాసం ఇవ్వాలి. మధ్యవారు పొరపాటు చేసి ఉంటే అది ఎక్కడ జరిగిందో అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా ఎక్కడో పరాయిదేశం నుంచి వచ్చిన ఆచారమని అనుకోకండి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు వ్రాసిన మల్లినాథసూరి మన తెలుగువాడే. ఆయన ఇంటిపేరు కొలచల. ఆ ఊరే మెదకు సీమలోని కొల్చారం అంటారు. తాను మూలం లేనిది ఏదీ వ్రాయనని ఆయన ముందుగానే ప్రతిజ్ఞ చేసుకున్నాడు. వ్యాఖ్యానంలో ఒక మాటకు అర్థం చెబితే, ఏ నిఘంటువులో ఆ అర్థం ఉన్నదో పక్కనే చెబుతాడు. ఇవాళ కూడా మనం ఆధారం లేని మాటను "అమూలకం" అంటాం కదా. మూలం లేనిది అని దాని అర్థం.

ఇక ఆధారం చూపటం వల్ల ఎంత బలం వస్తుందో చెప్పి ముగిస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయనా, అప్పారావుగారూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరి చరిత్ర చెప్పేవారు. ముఖలింగం గుడిలోని శాసనాల లిపిని తనంతట తానే నేర్చుకుని చదివారు.

ఆ రోజులలో పిల్లలు బళ్ళో వ్రాసే తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగు వేరువేరు. "జనం మాట్లాడే మాటలు తప్పులు. పెద్దలు వాటిని వ్రాయలేదు" అని గొప్ప గొప్ప పండితులు అనేవారు. పంతులుగారు ఒక మామూలు బడిపంతులు. ఆయన "కాదు" అంటే ఎవరు వింటారు? అంచేత ఊరికే కాదనలేదు. పాత గ్రంథాలు, పాత వచనం, తాళపత్రాలు తిరగేశారు. వ్యాకరణం ఒప్పుకోని రూపాలను ఏ కవి ఎక్కడ వాడాడో ఏరి "బాలకవి శరణ్యం"లో చూపించారు. పాత తెలుగు వచనాన్ని పోగుచేసి "గద్య చింతామణి" కూర్చారు. వ్యావహారికాన్ని తప్పుపట్టిన పండితులే గ్రాంథికం వ్రాయబోయి ఎక్కడెక్కడ తడబడ్డారో కూడా వారి పుస్తకాల నుంచే ఎత్తి చూపారు. అప్పారావుగారు కూడా 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రంలో ఈ భాష కోసమే వాదించారు.

వాదం వెంటనే గెలవలేదు. పంతులుగారు 1940 జనవరి 22న కన్నుమూసేనాటికి కూడా బడి పుస్తకాలు పూర్తిగా మారలేదు. కాని ఆయన చూపిన ఆధారాలను ఎవరూ "అమూలకం" అని తోసివెయ్యలేకపోయారు. పుస్తకం తెరిస్తే ఆ మాట అక్కడ ఉన్నదాయె! మీరు ఈ పుటను ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చదువుతున్నారంటే అందులో ఆ శ్రమకు వాటా ఉన్నది. ఆయన పుట్టినరోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

కాబట్టి పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. పెద్దవాళ్ళ సభలో చిన్నవాడు లేచి ఒక మాట అంటే, "నీకేం తెలుసు, కూచో" అనవచ్చు. కాని ఆ చిన్నవాడు పుస్తకం పేరు, కూర్పు, పుట చెబితే, పెద్దలు కూడా లేచి బీరువా దగ్గరకు వెళ్ళి చూడవలసిందే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం: మీ పిల్లలు "ఎవరన్నారు, నాన్నా? ఎక్కడుంది?" అని అడిగితే ఎదురు ప్రశ్న అనుకుని కసురుకోకండి. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి.

ఈ నెల పని: మీ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో రెండు చోట్ల తెలుసుకోండి. ఒకటి ఎవరైనా పెద్దవారి నోట, రెండవది అచ్చులో. రెంటినీ అయిదారు వాక్యాలలో వ్రాసి, అడుగున రెంటి విలాసాలూ పైన చెప్పిన వరసలో వ్రాయండి. రెండు కథలూ కలవకపోతే కంగారుపడకండి. ఏది ఎవరిదో వ్రాసి, రెంటినీ అలాగే ఉంచండి. మీ మాస్టారికి చూపించండి. ఎర్ర గీత పడుతుందేమో చూద్దాం!